ఒక్క కమాండో కోసం ఊళ్లకు ఊళ్లు ప్రాణాలొడ్డాలా? యాన్ బాల్‌స్రూడ్ విషయంలో మీరేమంటారు?

గోదారిగట్టు:
మొన్న ఇక్కడే వేరే చర్చలో ఒకరు నార్వే కమాండో యాన్ బాల్‌స్రూడ్ గురించి రాస్తూ, శత్రువుల మధ్య రెండు నెలలు ఒంటరిగా బతికిన మొనగాడు అన్నారు. మొనగాడే, కాదనను. కానీ ఆ రెండు నెలల్లో ఎక్కువ రోజులు వేరేవాళ్ల పశువులపాకల్లో, వేరేవాళ్లు లాగిన స్లెడ్జి (మంచు మీద జారే బండి) మీద, వేరేవాళ్లు మోసుకొచ్చిన తిండి మీద గడిచాయి. అందుకే ఈ చర్చ పెట్టాను.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నార్వే జర్మన్ల ఆక్రమణలో ఉంది. 1943 మార్చి చివర్లో బ్రిటన్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల నుంచి బ్రాట్‌హోల్మ్ అనే చేపల పడవ ఉత్తర నార్వేకి బయల్దేరింది. అందులో 12 మంది, 8 టన్నుల పేలుడు పదార్థాలు. నలుగురు బ్రిటన్‌లో శిక్షణ పొందిన నార్వే కమాండోలు, మిగతా ఎనిమిది మంది పడవ సిబ్బంది. బార్డుఫోస్‌లోని జర్మన్ వైమానిక స్థావరాన్ని దెబ్బతీయడం, అక్కడి జనంలోంచి రహస్య దళాల్ని తయారుచేయడం వాళ్ల పని. రష్యాకి సరుకు తీసుకెళ్లే మిత్రరాజ్యాల ఓడల మీద జర్మన్లు ఆ ప్రాంతం నుంచే దాడులు చేస్తుండేవారు.

టోఫ్టెఫ్యోర్డ్ అనే ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పడవ ఆపి, నమ్మకస్తుడని చెప్పిన ఒక దుకాణదారుణ్ని కలవడానికి వెళ్లారు. ఆ మనిషి అప్పటికే చనిపోయాడు. కొట్టు కొనుక్కున్న కొత్తాయన పేరు కూడా అదే! అతను భయపడిపోయి కబురు పైకి చేరవేశాడు. మార్చి 30న జర్మన్ ఓడ వచ్చింది. మనవాళ్లు పడవకి నిప్పుపెట్టి చిన్న తెప్పలో తప్పించుకోబోయారు, దాన్నీ కాల్చి ముంచేశారు. పన్నెండుమందిలో పదకొండుమంది చనిపోయారు. కొందరు అక్కడికక్కడే, కొందరు చిత్రహింసల తర్వాత, ఎనిమిది మంది దగ్గర్లోని ట్రోమ్సో పట్టణంలో తుపాకీ గుళ్లకు. బాల్‌స్రూడ్ ఒక్కడే ఒక గెస్టపో (నాజీల రహస్య పోలీసు) అధికారిని కాల్చి, ఒక కాలికి బూటు లేకుండా, బొటనవేలు తూటా దెబ్బకి చితికిపోయి, గడ్డకట్టే సముద్రంలో ఈది తప్పించుకున్నాడు. జూన్ 1న స్వీడన్ చేరాడు.

ఈ మధ్యలో అతను ఎంతమంది తలుపులు తట్టాడో! తట్టిన ప్రతి ఇంటికీ మరణశిక్ష వెంటబెట్టుకునే వెళ్లాడు. అది సబబేనా? మెచ్చుకోవాల్సింది అతన్నా, తలుపు తీసినవాళ్లనా?

పాతఫౌజీ:
గోదారిగట్టు గారూ, సబబేనా అని అడగాలంటే ముందు అతనికి వేరే దారి ఉందా అని చూడాలి. లొంగిపోవచ్చుగా అంటారేమో. 1942 అక్టోబరు 18న హిట్లర్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. పట్టుబడిన కమాండోలు యూనిఫాంలో ఉన్నా, చేతులెత్తినా, చంపేయాల్సిందే. ట్రోమ్సోలో జరిగింది అదే. పైగా చంపేముందు ఊరుకోరు, నోరు విప్పించే ప్రయత్నం చేస్తారు. మొదటి దీవిలో అతనికి బట్టలిచ్చినవాళ్లు, పడవ మీద దాటించినవాళ్లు అతని తలలో ఉన్నారు. ఒకసారి ఒకరి సాయం తీసుకున్నాక పట్టుబడకుండా ఉండటమే వాళ్లని కాపాడటం. లొంగిపోయి ఉంటే ఎంతమందిని పట్టుకెళ్లేవారో ఆలోచించండి.

తప్పించుకుంటున్న సైనికుడికి ఎక్కడైనా నేర్పేది ఒకటే. దొరక్కు, కదులుతూ ఉండు, సాయం చేసినవాళ్ల పేరు అడక్కు, నీ పేరు చెప్పకు. ఆ శిక్షణ లేకపోతే మొదటి రాత్రే ఆ చలికి పోయేవాడు. శిక్షణని తీసిపారేయకండి.

నరేష్_కూకట్‌పల్లి:
ఫౌజీ అంకుల్, మీ మాట సైనికుడి వైపు నుంచి బాగానే ఉంది. ఊరివాళ్ల వైపు నుంచి చూడండి ఓసారి. 1942 ఏప్రిల్‌లో, అంటే సరిగ్గా ఏడాది ముందు, బెర్గెన్ దగ్గర టెలవోగ్ అనే పల్లెలో ఇలాంటి కమాండోలే ఇద్దరు దాక్కున్నారు. పట్టుకోవడానికి వెళ్లిన ఇద్దరు గెస్టపో అధికారులు చచ్చిపోయారు. తర్వాత ఏం జరిగింది? ఊరంతా తగలబెట్టారు. పడవలు ముంచేశారు. పశువుల్ని తోలుకుపోయారు. మగాళ్లని జర్మనీలో సాక్సెన్‌హౌసెన్ క్యాంపుకి పంపారు, 31 మంది తిరిగి రాలేదు. ఆడవాళ్లని, పిల్లల్ని నిర్బంధించారు. ఈ సంగతితో ఏ సంబంధమూ లేని 18 మంది ఖైదీల్ని కాల్చేశారు.

బాల్‌స్రూడ్ కూడా ఒక గెస్టపో అధికారిని చంపే వచ్చాడు. అంటే తను తలుపు తడితే ఏమవుతుందో అతనికి తెలుసు. తెలిసీ పిల్లలున్న ఇళ్లలోకి వెళ్లాడు. యుద్ధంలోకి తెలిసి దిగినవాడు అతను. వాళ్లు కాదు.

సినిమాపిచ్చోడు:
దీని మీద సినిమాలు వచ్చాయి కదా. మంచులో స్కీల సీను అదిరిపోయింది. ఊరివాళ్లది గెస్ట్ రోల్ లాగుంది.

లత_ఓస్లో:
నరేష్ గారూ, ఒక చిన్న తేడా మీరు వదిలేశారు. టెలవోగ్ సంగతి బాల్‌స్రూడ్‌కి తెలిసినట్టే తలుపు తీసినవాళ్లకీ తెలుసు. ఆ వార్త నార్వే అంతా పాకింది, పాకాలనే జర్మన్లు అలా చేశారు. అది తెలిసి కూడా ఫురుఫ్లాటెన్ అనే ఊళ్లో మారియుస్ గ్రోన్‌వోల్ కుటుంబం అతన్ని లోపలికి తీసుకుంది. అప్పటికి అతని పరిస్థితి ఏమిటి? లింగెన్ కొండల్లో మంచుచరియతో పాటు కిందికి కొట్టుకుపోయాడు. మంచు తెలుపుకి కళ్లు కనపడక రోజుల తరబడి గుండ్రంగా తిరిగాడు. తనెక్కడున్నాడో తెలియకుండా ఒక ఇంట్లోకి వచ్చి పడ్డాడు. తలుపు తట్టడం సబబా అని అడగడానికి అక్కడ ఆలోచించే స్థితిలో మనిషే లేడు.

అక్కడి నుంచి నిర్ణయాలన్నీ ఊరివాళ్లవే. పాకలో దాచింది వాళ్లు. రాత్రిపూట ఫ్యోర్డ్ దాటించి రెవ్‌డాల్‌లో ఒక చెక్క గుడిసెలో పడుకోబెట్టింది వాళ్లు. ఆ గుడిసెకి 'సవాయ్ హోటల్' అని పేరు పెట్టుకున్నారట, లండన్‌లో ఆ పేరున్న పెద్ద హోటల్ని తలచుకుని. అంత టెన్షన్‌లోనూ ఆ వెటకారం చూడండి. తర్వాత నడవలేని మనిషిని స్లెడ్జికి కట్టి, నిట్టనిలువు కొండ మీదకి లాగారు. అవతలి లోయ మాన్‌డాలెన్ వాళ్లు వచ్చి అందుకోవాలి. వాళ్లు వచ్చేసరికి వాతావరణం చెడిపోయి దొరకలేదు. చివరికి దొరికాక అతన్ని మంచులో, బండ కింద వారాల తరబడి దాచి, వంతులు వేసుకుని తిండి మోశారు.

వీళ్లని అమాయకులు, ఇరుక్కుపోయినవాళ్లు అనడం వాళ్లని చిన్నచేయడమే. వద్దనుకుంటే ఒక్క ఫోన్ చాలు. ఆ లోయల్లో ఎంతమందికి ఈ విషయం తెలుసో! ఒక్కరు కూడా చెప్పలేదు.

నరేష్_కూకట్‌పల్లి:
చెప్పలేదు సరే. చెప్పి ఉంటే? ఒక పిల్లాడు స్కూల్లో నోరు జారితే? ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం కూడా మంచిదే అంటున్నారు మీరు.

బాల్‌స్రూడ్ ఉన్న నార్వే కమాండో దళం మనుషులే ఇంకోలా చేశారు. 1942 అక్టోబరులో నలుగురు దక్షిణ నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి మీద దిగారు. వెమోర్క్‌లో జర్మన్ల అణు పరిశోధనకి కావాల్సిన భారజలం తయారుచేసే కర్మాగారం మీద దాడికి దారి సిద్ధం చేయడం వాళ్ల పని. ఆ చలికాలమంతా ఊళ్లకి దూరంగా గుడిసెల్లో గడిపారు. తిండి అయిపోతే రాళ్ల మీద నాచు ఉడకబెట్టుకు తిన్నారు. క్రిస్మస్ ముందు ఒక రెయిన్‌డీర్‌ని కొట్టాక గానీ కడుపు నిండలేదు. ఫిబ్రవరి చివర్లో దాడి కూడా విజయవంతం. కమాండో అంటే అదీ. జనం మీద భారం వేయకుండా బతకడం.

పాతఫౌజీ:
బాబూ నరేష్, ఆ నలుగురికీ కాళ్లున్నాయి. స్కీలు, రేడియో, తుపాకులు, గుడారం, ఎక్కడ ఏ గుడిసె ఉందో తెలిసిన అనుభవం ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది ఆ ప్రాంతంవాళ్లే. అయినా వాళ్లు కూడా పూర్తిగా సొంతంగా బతకలేదు. ఐనార్ స్కిన్నార్‌లాండ్ అని అక్కడి డ్యామ్ దగ్గరి మనిషి, అతని కుటుంబం లేకపోతే వాళ్లకి కబుర్లూ లేవు, అవసరానికి తిండీ లేదు. జనం సాయం లేని కమాండో చర్య నాకు తెలిసి చాలా అరుదు.

జనం సాయం అస్సలు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 1991 ఇరాక్ చూడండి. బ్రిటిష్ ప్రత్యేక దళమైన ఎస్ఏఎస్‌కి చెందిన ఎనిమిది మంది బృందం, పేరు బ్రావో టూ జీరో. ముగ్గురు చనిపోయారు, నలుగురు పట్టుబడ్డారు. ఒక్కడు మాత్రం ఎడారిలో 300 కిలోమీటర్ల దాకా నడిచి సిరియా చేరాడు. అది గొప్పే. కానీ ఎనిమిదిమందిలో ఒక్కడు!

డాక్టర్_సుధ_విజయవాడ:
బాల్‌స్రూడ్ తన కాలివేళ్లు తానే జేబుకత్తితో కోసుకున్నాడని అందరూ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు కాబట్టి ఒక వైద్యపు మాట. ఫ్రాస్ట్‌బైట్‌కి (చలికి కండ గడ్డకట్టి దెబ్బతినడం) ఇప్పుడు ఆసుపత్రిలో అయితే తొందరపడి కోయరు. చచ్చిన కండకీ బతికిన కండకీ మధ్య గీత తేలేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు ఆగుతారు. ఆ లోపల శుభ్రంగా, పొడిగా ఉంచుతారు. అతనికి ఆ అవకాశం లేదు. చచ్చిన వేళ్లకి ఇన్‌ఫెక్షన్ వచ్చి అది పైకి పాకితే కాలు, తర్వాత ప్రాణం పోతాయి. యాంటీబయాటిక్స్ లేవు. చెడిన భాగం తీసేయడం ఆ పరిస్థితిలో సరైన పనే.

ఇంకో సంగతి. గడ్డకట్టిన కాలుని ఒకసారి వెచ్చబెట్టి మళ్లీ గడ్డకట్టనిస్తే నష్టం రెట్టింపవుతుంది. ఇళ్లలో వెచ్చగా, మళ్లీ కొండ మీద మంచులో, అతనికి అదే జరిగింది. అందుకే ఎంత శిక్షణ ఉన్నా ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి అతను నడవగలిగే స్థితిలో లేడు. అప్పటి నుంచి అతని వంతు సహనం ఒక్కటే. అది తక్కువని కాదు. వారాల తరబడి మంచుగోతిలో మనసు చెదరకుండా ఉండటం చాలామందివల్ల కాదు.

వంశీ_గుంటూరు:
అందరూ హీరోల గురించే మాట్లాడుతున్నారు. నాకు కబురు పైకి చేరవేసిన ఆ కొట్టతని గురించి అడగాలనుంది. అతన్ని ద్రోహి అనేస్తే సరిపోతుందా?

లత_ఓస్లో:
వంశీ గారూ, మంచి ప్రశ్న. నా అభిప్రాయం: ద్రోహి అనడం తేలిక. అర్ధరాత్రి తెలియనివాళ్లు వచ్చి, మేం లండన్ నుంచి వచ్చాం, నువ్వు మా మనిషివట కదా అంటే ఎవరైనా ఏమనుకుంటారు? జర్మన్లు ఇలాంటి పరీక్షలు పెట్టేవారు. ట్రాండ్‌హైమ్‌లో హెన్రీ రిన్నాన్ అనేవాడు గెస్టపో కోసం ఒక ముఠానే నడిపాడు. ప్రతిఘటన మనుషుల్లా నటించి జనాన్ని మాట్లాడించి పట్టించేవారు. 1947లో వాణ్ని ఉరి కాదు, కాల్చి చంపారు. అలాంటి రోజుల్లో కబురు చెప్పకపోతే రేపు మనమే పోతామన్న భయం ఉత్తి భయం కాదు.

కానీ భయం అందరికీ ఉంది కదా. గ్రోన్‌వోల్ ఇంట్లో లేదా? అందుకే అతన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. ఆ ఒక్క కబురుతో పదకొండుమంది పోయారు.

గోదారిగట్టు:
చర్చ మొదలుపెట్టినవాణ్ని కాబట్టి నా వైపు చెబుతాను. లత గారి మాటకి దగ్గరగా ఉన్నాను. వాళ్లు తెలిసే చేశారు. అందుకే పేరు సగానికి పైగా వాళ్లకే దక్కాలి. బాల్‌స్రూడ్ కూడా అలాగే అనుకున్నాడని నా నమ్మకం. 1988లో చనిపోయాక అతని అస్థికల్ని అతని కోరిక ప్రకారం మాన్‌డాలెన్‌లోనే పాతిపెట్టారు. అది కూడా తనకి సాయం చేసిన ఆస్లాక్ ఫోస్‌వోల్ సమాధిలోనే. ఆ ఆస్లాక్ 1943లోనే జబ్బు చేసి చనిపోయాడు.

కానీ ఎవరూ మాట్లాడని వాళ్లు ఒకరున్నారు. సామీలు, అంటే ఆ ఉత్తరాది ప్రాంతపు రెయిన్‌డీర్లు కాసే ఆదివాసులు. మాన్‌డాలెన్ వాళ్లు ఎంత తంటాలు పడినా సరిహద్దు దాటించలేకపోయారు. చివరికి రెయిన్‌డీర్లు కట్టిన స్లెడ్జి మీద ఫిన్లాండ్ నేల మీదుగా స్వీడన్‌కి చేర్చింది సామీలే. అప్పుడు ఫిన్లాండ్ జర్మనీ పక్షాన రష్యాతో పోరాడుతోంది, కాబట్టి అక్కడ పట్టుబడినా అంతే. వసంతంలో మంచు కరుగుతుంటే, ఈనే కాలంలో మందని వదిలి రావడం పశువులు కాసేవాళ్లకి ఎంత నష్టమో మన పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. సినిమాల్లో వాళ్లకి రెండు నిమిషాలు.

నరేష్_కూకట్‌పల్లి:
సరే, ఊరివాళ్లు తెలిసే చేశారని ఒప్పుకుంటా. సామీల మాట కూడా. అయినా నా కోపం పోలేదు, అది బాల్‌స్రూడ్ మీద నుంచి వేరేవాళ్ల మీదకి మళ్లింది, అంతే. చనిపోయిన మనిషి పేరు నమ్మకస్తుల జాబితాలో పెట్టుకుని పన్నెండుమందిని పంపింది ఎవరు? ఎక్కడా గట్టి దారి లేని చోటికి, పట్టుబడితే జనమే గతి అనుకుని, ఎనిమిది టన్నుల మందుగుండుతో చేపల పడవని పంపింది ఎవరు? ఆ చలికాలంలో షెట్లాండ్ నుంచి వెళ్లిన చేపల పడవలు చాలా మునిగాయి, మనుషులు పోయారు. 1943 చివర్లో అమెరికా వాళ్లు వేగంగా వెళ్లే మూడు యుద్ధ నౌకలు ఇచ్చాక గానీ ఆ నష్టాలు ఆగలేదు. లండన్‌లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లని ఒక్క మాట అనకుండా, మంచులో ఉన్నవాడు తలుపు తట్టొచ్చా లేదా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం.

పాతఫౌజీ:
ఈ మాటకి మాత్రం నేను నీతోనే ఉన్నాను బాబూ. షెట్లాండ్ పడవల మీద వేరే చర్చ పెట్టు, అక్కడ చాలా చెప్పాలి.