గ్రామసభకి జనం వచ్చి నోరు విప్పాలంటే ఎలా ప్లాన్ చెయ్యాలి?

దర్శి వార్డు మెంబర్:
అందరికీ నమస్కారం. మాది దర్శి వైపు పల్లె, ఇక్కడి ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటింటికీ కుళాయిలు బిగించారు, ట్యాంకు కూడా కట్టారు. కానీ ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలి, నెలకి ఇంటికి ఎంత వసూలు చెయ్యాలి, చివరనున్న కాలనీకి అందకపోతే ఎవరిని అడగాలి అనేది ఇంతవరకు తేలలేదు. వచ్చే నెల దీని మీద గ్రామసభ పెడుతున్నారు. పోయినసారి పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసి పొద్దున పదకొండింటికి పెడితే కుర్చీలు సగం కూడా నిండలేదు. వచ్చిన ఆడవాళ్లు వెనకే నిలబడి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. మైకు పట్టుకున్నది ఎప్పుడూ మాట్లాడే ఆ నలుగురే. ఈసారి అలా జరగకూడదని గట్టిగా అనుకుంటున్నా. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
తమ్ముడూ, జనం చెప్పినదాన్ని బట్టి మారేది ఏముందో ముందు నువ్వు తేల్చుకో. పైపులైను వేసేశారు, ట్యాంకు కట్టేశారు, వాటి గురించి ఇప్పుడు అభిప్రాయం అడిగి ఏం లాభం లేదు, పైగా అడిగి పక్కన పడేశారని ఇంకోసారి ఎవరూ గడప దాటరు. నీళ్లు వదిలే టైము, రుసుము, వాల్వు తిప్పే మనిషి, ఈ మూడూ మీ ఊరి చేతిలో ఉన్నాయి. అవే అడుగు. ఏది అయిపోయిందో, ఏది మిగిలుందో దండోరా వేయించేటప్పుడే చెప్పించు.

ఇంకోటి. 2019లో జల్ జీవన్ మిషన్, అదే ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం, మొదలైనప్పుడు ఊరి నీటి కమిటీలో 10 నుంచి 15 మంది ఉండాలని, అందులో సగం ఆడవాళ్లే ఉండాలని మార్గదర్శకాల్లో రాశారు. మీ ఊరి కమిటీలో ఎవరున్నారో కనుక్కున్నావా? నేను పనిచేసిన చోట్ల తన పేరు కమిటీలో ఉన్నట్టు తెలియని మనుషులే ఎక్కువ. తీర్మానాల పుస్తకం తీయించి ఆ పేర్లు సభలో పైకి చదివించు.

మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలన్నది లెక్క. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిదికి పైనే. సభకి ముందు ట్యాంకు పక్క వీధిలో ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతోందో, కాలనీ చివరి కుళాయి దగ్గర ఎంతసేపు పడుతోందో, ఫోన్లో టైము చూసి ఆ ఇంటావిడ చేతే రాయించు. ఆ రెండు అంకెలు ఆమే చదివితే ఎగువ వీధివాళ్లు ‘అందరికీ బాగానే వస్తున్నాయిగా’ అనలేరు.

ఉదయగిరి అక్క:
ఆయన చెప్పిందంతా నిజం. కానీ పొద్దున పదకొండింటికి సభ పెడితే ఆడవాళ్లు ఎట్లా వస్తారు నాయనా? ఉపాధి పనికి పోయినవాళ్లు అప్పుడే ఎండలో ఇంటికి చేరుతుంటారు, పొగాకు గ్రేడింగ్ రోజులైతే సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. మా సంఘంలో ఏదన్నా తేల్చుకోవాలంటే రాత్రి వంటలయ్యాక రామాలయం అరుగు మీద కూర్చుంటాం. కొందరు కాలనీవాళ్లు అక్కడికి రావడానికి మొహమాటపడతారు, అందుకని కాలనీలో విడిగా ఇంకో రాత్రి. అసలు సభకి ముందే ఇలా రెండు మూడు చోట్ల మాట్లాడుకుని ఉంటే మైకు ముందు భయం ఉండదు.

మా నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచింది కూడా ఇలాగే కదా. రాత్రి చదువుల్లో కూర్చుని పాఠం చదువుతూ, మన ఊళ్లో సంగతేంటి అని ముందు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఆ తర్వాతే సారా దుకాణం మీదికి పోయారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మొదటిరోజే మైకు ఇచ్చి మాట్లాడమని ఉంటే వాళ్లలో ఎంతమంది నోరు విప్పేవాళ్లో చెప్పు.

గిద్దలూరు రైతు:
అంకెలు ఊరివాళ్లే తీయాలన్న మాటకి నా ఓటు. 2003 తర్వాత మన ఉమ్మడి ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు చూసుకునే పథకం నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో. బోర్లలో నీటిమట్టం రైతులే కొలిచేవాళ్లు, వాన ఎంత పడిందో వాళ్లే రాసేవాళ్లు, రబీకి ముందు అంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, అనుకున్న పంటలకి కావలసిందెంత అని లెక్క వేసేవాళ్లు. ఫలానా పంట వెయ్యొద్దని ఎవరూ ఆర్డర్ వెయ్యలేదు, లెక్క చూసి ఎవరి పంట వాళ్లే నిర్ణయించుకున్నారు.

మీకు ఫ్లోరైడ్ ఉంది కాబట్టి నీటి పరీక్ష కిట్టు కూడా సభలోకి తెప్పించు. ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి దాని మీద శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మార్గదర్శకాల్లోనే ఉంది. వాళ్లే అందరి ముందు కుళాయి నీళ్లు, పాత చేతిపంపు నీళ్లు పరీక్ష చేస్తే, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ఒక్కసారి చెబితే చాలు. కాచితే పోతుందిలే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, కాచితే ఫ్లోరైడ్ పోదు.

దర్శి వార్డు మెంబర్:
చాలా థాంక్స్ అక్కా, అన్నలూ. ముందు కాలనీలో రాత్రిపూట కూర్చుంటాం, సభ టైము కూడా మార్చమని అడుగుతా. ఒక్క డౌట్. కాలనీ మీటింగుకి వాల్వు తిప్పే ఆయన్ని పిలవాలా? ఆయన మీద కోపం ఉంది జనానికి.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
పిలువు, కానీ వాళ్లు చెప్పుకోవలసింది చెప్పుకున్నాక రమ్మను. కరెంటు ఎప్పుడు ఉంటోందో, ట్యాంకు ఎన్ని గంటలకి నిండుతోందో ఆయనకే తెలుసు, అది వినకుండా టైము పెడితే నడవదు. ఆయన జీతం ఎన్ని నెలలు బాకీ ఉందో కూడా అక్కడే అడుగు, రుసుము ఎంత ఉండాలో జనమే చెబుతారు. సభ అయ్యాక ఒప్పుకున్నదేదో, ఎవరు ఏ తారీఖుకి చేస్తారో ట్యాంకు గోడ మీద పెయింటుతో రాయించు. కుదరనిది ఎందుకు కుదరలేదో అది కూడా.