ఓడలు బళ్ళవుతాయా, బళ్ళెక్కుతాయా?

ఛత్రపురం నుంచి: నీటి మీద స్పీడు రికార్డుల గురించి వ్యాసం రాస్తున్నాను. కారు రికార్డులు కొట్టి తర్వాత పడవల్లోకి వచ్చినవాళ్ళ గురించి ‘బళ్ళు ఓడలయ్యాయి’ అని రాస్తే మా మావయ్యగారు కొట్టేశారు. అది కలిమిలేముల సామెత, ఇక్కడ అతకదంటారు. నిజమేనా?

బరంపురం నుంచి: కొట్టేయడం సబబే, కారణమే వేరు. సుమతీ శతకంలో ‘ఓడల బండ్లును వచ్చును’ అని మొదలయ్యే పద్యం చూడండి. అక్కడ ఓడ బండైపోదు. ఓడలో బండి వస్తుంది, బండి మీద ఓడా వస్తుంది. కలిమిలేములూ అలాగే తిరగబడతాయని పోలిక. హిందీవాళ్ళు ‘కభీ నావ్ గాడీ పర్, కభీ గాడీ నావ్ పర్’ అనేదీ ఇదే. ‘అవుతాయి’ అన్నది మన నోళ్ళలో నలిగి వచ్చిన మాట.

చిలికా సరస్సులో సాతపడా దగ్గర కార్లు, మోటార్‌సైకిళ్ళు ఫెర్రీ ఎక్కి దాటుతాయి. ఇటు గోపాలపురంలో చిల్లు పడ్డ ఫైబర్ బోటుకి ఇంజను విప్పేసి, ట్రాక్టరు తొట్టి మీద అడ్డంగా పడేసి, తాళ్ళతో బిగించి రిపేరుకి తీసుకెళ్తారు. పద్యం రెండు ముక్కలూ అక్కడే ఉన్నాయి.

పర్లాకిమిడి నుంచి: పద్యం సంగతి ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, వాడుక అర్థం కూడా ఈ చరిత్రకి బాగానే సరిపోతుంది. బ్రిటిష్ రేసర్ సీగ్రేవ్‌ని తీసుకోండి. 1929లో డేటోనా ఇసుక మీద కారులో గంటకి 372 కిలోమీటర్లు తోలాడు. 1930 జూన్ 13న విండర్‌మియర్ సరస్సులో ‘మిస్ ఇంగ్లండ్ 2’ పడవతో 159 కొట్టి నీటి రికార్డూ పట్టాడు. అంతటితో ఆగక ఇంకో పరుగు తీశాడు. పడవ తిరగబడింది, ఆ రోజే పోయాడు. జాన్ కాబ్ కారులో 634 దాటినవాడు, 1952లో లాక్‌నెస్ సరస్సులో పడవ ముక్కలై చనిపోయాడు. నేల మీద కలిసొచ్చింది నీళ్ళలో కలిసి రాలేదు.

రాయగడ నుంచి: డొనాల్డ్ కాంప్‌బెల్‌ని వదిలేశారేం? 1964లో నేల రికార్డు, నీటి రికార్డు ఒకే ఏడాదిలో కొట్టిన మనిషి ఆయనొక్కడే. ఈ ఆటలో ఎదురెదురు దిక్కుల్లో రెండు పరుగులు తీసి సగటు కడతారు. 1967 జనవరి 4న కోనిస్టన్ సరస్సులో ఆయన వెళ్ళే పరుగులో 479 వచ్చింది. ఇంధనం నింపుకోకుండానే వెనక్కి తిప్పాడు. తిరుగు పరుగులో ఆయన పడవ ‘బ్లూబర్డ్’ ముక్కు గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. వచ్చే దారి పూర్తి కాకపోతే వెళ్ళిన దారికి లెక్కే లేదు.

బరంపురం నుంచి: నాకు అసలు ముచ్చటేసేది కెన్ వార్‌బీ. సిడ్నీలో ఇంటి పెరట్లో చెక్కతో పడవ కట్టుకున్నాడు, వేలంలో కొన్న పాత విమానం జెట్ ఇంజను దాని మీద పెట్టాడు. 1978 అక్టోబరు 8న బ్లోవరింగ్ డ్యామ్‌లో 511 కొట్టాడు. ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. విమానం ఓడెక్కింది అనొచ్చు, విమానం ఓడైంది అంటే మాత్రం నేనూ కొట్టేస్తాను.

ఛత్రపురం నుంచి: సరే మాస్టారూ. ‘బళ్ళు తోలినవాళ్ళే ఓడలెక్కారు’ అని దిద్దాను. మావయ్యగారు ఇంకా చూడలేదు.