పాత కాగితాలు మనిషి పేరు మీద సర్దాలా, సంవత్సరం ప్రకారమా?

తాతగారి ట్రంకుపెట్టెలోని కాగితాలు సర్దుతున్నాను: భూమి దస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకాలు, శుభలేఖలు. మనిషికో ఫైలు పెడదామంటే మా ఇంట్లో తాత పేరే మనవడికి. ఏ రసీదు ఎవరిదో తేలడం లేదు. పంపకాల దస్తావేజు ఒక్కటే, అందులో నలుగురు అన్నదమ్ములు. దత్తు వెళ్లిన చినతాతగారికైతే రెండు ఇంటిపేర్లు!

తేదీల వారీగా పెట్టాలన్నా చిక్కే. రసీదు మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1360 అని ఉంటే 590 కలిపి 1950-51 అని రాసుకుంటున్నాను. ఒక జాతకంలో మాత్రం ఉత్త ‘వికృతి’ నామ సంవత్సరం అనే ఉంది. అది 1890లోనూ వచ్చింది, 1950లోనూ వచ్చింది.

మీరైతే ఎలా సర్దుతారు? ప్రతి కాగితానికీ ఒక నంబరిచ్చి, పేర్లు విడిగా ఎక్సెల్‌లో ఎక్కిస్తే సరిపోతుందా? మడతల దగ్గర చిరుగుతున్నవాటికి లామినేషన్ చేయించమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. వేరే దారేమైనా ఉందా?