"దక్షులెవ్వార లుపేక్ష..." మధ్యలో ఆ అక్షరం ఏది?

తీరుబడి: నిన్న రాత్రి 'రిమెంబర్ దిస్' చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను చంపుతున్నారని కళ్ళారా చూసి లోకానికి చెప్పిన పోలండ్ మనిషి జాన్ కార్స్కీ మీద డేవిడ్ స్ట్రాథెర్న్ ఒక్కడే ఆడిన నాటకం, 2022లో సినిమాగా తీశారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, నలుపు తెలుపు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిసే ఘట్టం రాగానే తిక్కన నోటికొచ్చి సగంలో ఆగిపోయాడు. "దక్షులెవ్వార లుపేక్ష సేసి రది" అనాలా, "చేసి రది" అనాలా? "చేటగుఁ గాని" తర్వాత పాదం కూడా జారిపోయింది. ఎవరైనా పూర్తి చేసి పుణ్యం కట్టుకోండి.

గసడదవ: పద్యం మొత్తం ఇదిగో.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవ ముండెడున్

"సేసి" అనే అనాలి. ప్రథమా విభక్తి మీద పరుషం, గసడదవాదేశం: క చ ట త ప లు గ స డ ద వ లవుతాయి. ఇందులో చర్చకేముంది?

యతిమైత్రి: సూత్రంలో "బహుళముగా" అన్న ముక్క, అంటే ఒకచోట వస్తుంది ఒకచోట రాదన్నది, మింగేశారు మాస్టారూ. పైగా ఇక్కడ "ఉపేక్ష" కర్మ కదా. ద్వితీయ అనుకుంటే ద్రుతం (చివరి నకారం) వచ్చి "ఉపేక్షఁ జేసి" కావాలి. యతి "వ్వా"కీ "వా"కీ. ఈ అక్షరం ఆరోది, ఏది పెట్టినా గణాలు సరిపోతాయి. ఛందస్సు మీకు సాక్ష్యం రాదు.

గసడదవ: జడవాచకాలకు ద్వితీయ బదులు ప్రథమ వస్తుందని చిన్నయ సూరి చెప్పలేదూ? అది వస్తే మళ్ళీ నా దారికే వచ్చారు.

యతిమైత్రి: అక్కడా "బహుళంబు" ఉందండీ! సూరి వెళ్ళిన చోటల్లా ఒక కిటికీ తెరిచే పెట్టాడు.

రంగస్థలం రాజు: ఇది తిరుపతి వేంకట కవులది కాదా? మా ఊళ్ళో రాయబారం సీనులో కృష్ణుడు హార్మోనియం మీద దీన్ని సాగదీస్తుంటే వన్స్‌మోర్‌లు కొట్టేవాళ్ళం.

గసడదవ: తిక్కనదే, ఉద్యోగపర్వం. "చెల్లియో చెల్లకో" జంట కవులది. స్టేజీ మీద అంతా కలగలిసిపోతుంది. మీ తప్పేం లేదు లెండి.

తీరుబడి: ఇంకో చిక్కు. కార్స్కీని తెలుగులో ఏమనాలి? ఇంగ్లిష్‌లో అందరూ కొరియర్ అంటారు. ఆ మాట మా ఇంట్లో అంటే "పార్సిల్ ఏమైనా వచ్చిందా?" అని అడిగారు.

రంగస్థలం రాజు: రాయబారి.

యతిమైత్రి: రాయబారి సంధి మాట్లాడతాడు. ఇతను పోలండ్ అజ్ఞాత ఉద్యమం నుంచి లండన్‌లోని ప్రవాస ప్రభుత్వానికి కబురు మోసినవాడు. వార్తాహరుడు అనండి. "వేగు" దగ్గరగా ఉంది గానీ గూఢచారి వాసన వేస్తుంది.

రంగస్థలం రాజు: వార్తాహరుడు అంటే హనుమంతుడిలా ఉంది. నాకు అభ్యంతరం లేదు.

ఊరి చివర లైబ్రరీ: అక్షరం దగ్గర కొట్టుకుంటూ మాటను వదిలేశారు. మూలం చూడండి: "యత్ర ధర్మో హ్యధర్మేణ సత్యం యత్రానృతేన చ, హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". సభాసదులు చూస్తూ ఉండగా అధర్మం ధర్మాన్ని, అబద్ధం సత్యాన్ని చంపితే, చచ్చినట్టు ఆ సభాసదులే అని. వ్యాసుడిది "ప్రేక్షమాణానాం", చూస్తూ ఉండగా. తిక్కనది "ఉపేక్ష". రెండింట్లోనూ ఈక్ష్ ధాతువే, చూపే. సినిమాకి వెళ్ళే మనల్ని ప్రేక్షకులంటాం కదా, అదే ప్రేక్షణం. కార్స్కీ చేసిందీ చూపు పనే. 1942లో వార్సా గెట్టోలోకి, అంటే నాజీలు యూదులను నిర్బంధించిన పేటలోకి, రెండుసార్లు దొంగతనంగా వెళ్ళాడు. తర్వాత కాపలావాడి యూనిఫాం వేసుకుని నాజీల ఇజ్బిత్సా శిబిరంలోకి వెళ్ళాడు. ఆయన చూసి చెప్పాడు. విన్నవాళ్ళు ఉపేక్షించారు.

గసడదవ: ఆ శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

యతిమైత్రి: ఉపేక్షను మరీ అంత తిట్టకండి. పతంజలి మైత్రి, కరుణ, ముదితల పక్కనే ఉపేక్షను కూర్చోబెట్టాడు, అదీ అపుణ్యం విషయంలో. బౌద్ధంలోనూ అది సద్గుణమే. తిక్కన "దక్షులు" అని కట్టడి చేశాడు కాబట్టే ఇక్కడ తప్పయింది. చేయగలిగి చేయనివాడిదే ఉపేక్ష.

తీరుబడి: నా సందేహం సరిగ్గా అక్కడే. 1943 జూలైలో కార్స్కీ చెప్పినదంతా విని ఫ్రాంక్‌ఫర్టర్, ఆయనా యూదుడే, "నమ్మలేను" అన్నాడు. పక్కనున్న పోలండ్ రాయబారికి కోపమొస్తే, ఈ కుర్రాడు అబద్ధమాడుతున్నాడని అనలేదు, నమ్మలేనన్నాను, రెండూ ఒకటి కాదు అన్నాడు. ఇది ఉపేక్షా, అశక్తతా?

ఊరి చివర లైబ్రరీ: అశక్తుడైతే దక్షుడు కాడు, పద్యంలోంచి తప్పించుకున్నట్టే. అంత పెద్ద జడ్జికి "నమ్మను"కీ "నమ్మలేను"కీ మధ్య సందు ఎక్కడుందో తెలుసు. ఆ "లే" లాయరు వేసిన "లే" అని నా అనుమానం.

యతిమైత్రి: అన్యాయం. కొన్ని నిజంగానే మనసుకు పట్టవు. చూసొచ్చిన కార్స్కీ మాత్రం? డాక్యుమెంటరీ దర్శకుడు లాంజ్‌మన్ 1978లో కెమెరా పెడితే మొదలుపెట్టబోయి ఏడుస్తూ గదిలోంచి లేచి వెళ్ళిపోయాడు, తర్వాత వచ్చి చెప్పాడు. 1985లో విడుదలైన 'షోవా'లో అది ఉంది. ఫ్రాంక్‌ఫర్టర్ సంగతి అందులో పెట్టలేదు, 2010లో విడిగా 'కార్స్కీ రిపోర్ట్'గా వచ్చింది. చెప్పడమే అంత కష్టమైతే వినడం తేలికా?

ఊరి చివర లైబ్రరీ: కార్స్కీయే జవాబిచ్చాడు కదండీ. 1981లో వాషింగ్టన్‌లో మాట్లాడుతూ మానవజాతి రెండో ఆదిపాపం చేసిందన్నాడు. చేసి, చేయక, తెలుసుకోకూడదని తమకు తామే అజ్ఞానం తెచ్చుకుని, స్వార్థంతో, కపటంతో. ఆ "తెచ్చుకున్న అజ్ఞానం" ఉపేక్షలో పడదా?

గసడదవ: పడదు. ఉపేక్షకు ముందు తెలియాలి.

రంగస్థలం రాజు: పడుతుంది. కళ్ళు మూసుకోవడం తెలిసే చేస్తారు.

అజంత: పద్యంలో నాకు మింగుడుపడనిది ఉపేక్ష కాదు, ఆఖరి పాదం. "ధర్మనిస్తారకమయ్యు దైవ ముండెడున్". శ్లోకంలో సభాసదులు చచ్చారనడంతో సరి, దైవం ఊసు లేదు. ఇది తిక్కన కలిపిందే. వార్సాలో ఎవరు వచ్చి నిస్తరింపజేశారు?

గసడదవ: తిక్కనను నాస్తికుడి కళ్ళతో చదివితే ఏమీ మిగలదమ్మా. చెబుతున్నది కృష్ణుడు, సభలో కూర్చున్న దైవమే బెదిరిస్తోంది. విశ్వరూపం చేతిలో ఉన్న రాయబారి మాట అది.

అజంత: కార్స్కీకి విశ్వరూపం లేదండీ. గెట్టో నాయకుల కబురు ఆయన లండన్‌లో జిగెల్‌బోయిమ్ అనే యూదు ప్రతినిధికి అందించాడు. ఆ మనిషి చేయగలిగిందల్లా చేశాడు, ఎవరూ కదల్లేదు. 1943 మే నెలలో, లోకం చూస్తూ ఊరుకున్నందుకు నిరసనగా అని ఉత్తరం రాసి ప్రాణం తీసుకున్నాడు. దక్షులు ఉపేక్షిస్తే చేటు వాళ్ళకని కదా పద్యం? ఇక్కడ చేటు అదక్షుడికి వచ్చింది.

యతిమైత్రి: "అదక్షుడు" తిక్కనలో ఎక్కడైనా ఉందా? "అశక్తుడు" అంటే సరిపోయేదేమో.

గసడదవ: లేకపోతే మానె, మాట బాగుంది. సంధి గురించి మాత్రం వెనక్కి తగ్గను. "జేసి" అని ఏ ప్రతిలో ఉందో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.