పది లక్షల డివైజులు, ఒక్క మిల్లీసెకను: ఒకే నెట్‌వర్క్‌లో రెండూ కుదురుతాయా?

కేబుల్‌బాధితుడు: 5జీ గురించి ఎక్కడ చదివినా చదరపు కిలోమీటరుకు 10 లక్షల డివైజులు, 1 మిల్లీసెకను ఆలస్యం అంటున్నారు. మా ప్లాంట్‌లో కేబుళ్లన్నీ పీకేసి సెన్సార్లు, రోబోలు అన్నీ వైర్‌లెస్ చేద్దామని మేనేజరు పట్టుబట్టాడు. అయ్యే పనేనా?

స్లాట్‌మాస్టర్: ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాయడంలోనే ఉంది తిరకాసంతా. ఐటీయూ (టెలికాం ప్రమాణాలు పెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ) పరీక్ష షరతులు చూడండి. 10 లక్షల లెక్కలో ఒక్కో డివైజు 2 గంటలకోసారి 32 బైట్ల మెసేజ్ పంపితే చాలు, అది 10 సెకన్లలో చేరినా పాసే, నూటికొకటి పోయినా పాసే. భాగించండి, సెకనుకు 139 మెసేజ్‌లు. ఇంతేనా అనిపించట్లేదూ? 1 మిల్లీసెకనులో 99.999 శాతం మెసేజ్‌లు చేరాలనేది పూర్తిగా వేరే పరీక్ష.

గ్రాంట్‌ఫ్రీ: 2018 నాటి రిలీజ్ 15 (5జీ ప్రమాణాల మొదటి విడత) నుంచే బేస్ స్టేషన్‌ని (టవర్‌ని) ప్రతిసారీ అడక్కుండా, ముందే ఇచ్చిన స్లాట్‌లో, అంటే చిన్న సమయపు ముక్కలో, పంపేసే పద్ధతి ఉంది కదండీ. రెండు సింబళ్ల (సిగ్నల్‌లో అతి చిన్న సమయపు ముక్కల) మినీ స్లాట్లూ వచ్చాయి. ఇంకా రెండూ ఒకేసారి కుదరవంటే ఎలా?

స్లాట్‌మాస్టర్: ఆ స్లాట్ ఒక్కడికే ఇస్తే వాడు పంపనప్పుడు అది ఖాళీగా పోతుంది, వెయ్యి మందికి ఇలా ఇస్తే స్పెక్ట్రమ్ ఎక్కడినుంచి తెస్తారు? నలుగురికీ కలిపి ఇస్తే గుద్దుకుంటాయి. స్లాటెడ్ అలోహాలో (ఎవరికి తోచిన స్లాట్‌లో వాళ్లు పంపే పాత పద్ధతిలో) ఎంత బాగా నడిపినా 37 శాతం స్లాట్లే పనికొస్తాయి, ఇది 1970ల నాటి లెక్క.

గ్రాంట్‌ఫ్రీ: ఆ లెక్క గుద్దుకున్నవన్నీ పోయినట్టే అనుకుని వేసింది. ఇప్పుడు బేస్ స్టేషన్‌కి 64 యాంటెనాలుంటే ఒకేసారి వచ్చిన సిగ్నళ్లను దిశను బట్టి విడదీస్తుంది.

రాత్రిషిఫ్ట్: విడదీస్తుంది, నిజమే, కానీ సగటు రోజున. మా దగ్గర ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. సెన్సార్లన్నీ ఒకే క్షణంలో లేచి నెట్‌వర్క్ తలుపు తట్టాయి. ఎల్‌టీఈ (4జీ) సెల్‌లో ప్రియాంబుళ్లు, అంటే లోపలికి రానివ్వమని డివైజు ముందుగా పంపే గుర్తు సిగ్నళ్లు, 64 మాత్రమే, ఒకటే ప్రియాంబుల్ ఇద్దరు ఎంచుకుంటే మళ్లీ మొదటికే. స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే టీ చల్లారిపోయింది. అసలు టెన్షన్ ఏంటంటే, అన్నిటికంటే అవసరమైన అలారం కూడా అదే క్యూలో ఉంది.

గ్రాంట్‌ఫ్రీ: అలారానికి ప్రియాంబుల్ విడిగా కేటాయించి, మిగతావాటిని కాసేపు ఆపి ఉంటే ఆ గొడవ రాదు. అది సెటప్ చేసినవాళ్ల తప్పు.

రాత్రిషిఫ్ట్: ఒప్పుకుంటా. విడిగా కేటాయించడమంటే అందరూ ఒకే క్యూలో ఉండకూడదనే కదా, స్లాట్‌మాస్టర్ గారన్నదీ అదే.

కేబుల్‌బాధితుడు: సరే, టెంపరేచర్ సెన్సార్లు వైర్‌లెస్‌కి పంపేస్తా. రోబోల ఎమర్జెన్సీ స్టాప్ కేబుల్ మాత్రం ముట్టుకోను. మేనేజరుకి ఆ 139 అంకె చూపిస్తే చాలనుకుంటా.