"రెండు పళ్ళ గిత్త" అంటే నోట్లో రెండే పళ్ళున్నదనా?

ప్రశ్న (అనువాదకురాలు)

ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల మీద రాసిన వ్యాసం ఒకటి ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. అందులో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని వరసగా వస్తాయి. "రెండు పళ్ళ గిత్త"ను ఉన్నదున్నట్టు దించేస్తే, నోట్లో రెండే పళ్ళున్న దూడ కాబోలు అనుకుంటారు చదివేవాళ్ళు. ఇంతకీ ఆ రెండూ ఏ రెండు? మిగతావి ఏమైనట్టు? "పన్ను వేసింది" అన్నప్పుడు ఆ 'వేయడం' ఏ అర్థంలో? పశువుల సంగతి తెలిసినవారూ మాట సంగతి తెలిసినవారూ చెప్పండి.

పశువైద్యుడు

ముందు లెక్క తేలుద్దామండీ. ఆవు జాతికి పై దవడ ముందుభాగంలో పళ్ళే ఉండవు. పళ్ళకు బదులు అక్కడ గట్టిపడ్డ చిగురు దిండులా ఉంటుంది. ముందు పళ్ళన్నీ కింది దవడలోనే ఉంటాయి, మొత్తం ఎనిమిది, అంటే నాలుగు జతలు. కొన్ని పళ్ళు దూడ పుట్టేటప్పటికే ఉంటాయి, మిగతావి కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. కాబట్టి పాలపళ్ళ గిత్తకూ ముందు ఎనిమిదే, రెండు పళ్ళదానికీ ఎనిమిదే, ఆరు పళ్ళదానికీ ఎనిమిదే. ఆ ఎనిమిదిలో ఎన్ని పాలపళ్ళు ఊడి వాటి చోట అసలు పళ్ళు వచ్చాయో, ఆ సంఖ్యనే రైతు చెబుతాడు. "రెండు పళ్ళు" అంటే రెండు మారాయి, ఆరు ఇంకా పాలవే.

మారేది ఎప్పుడూ మధ్య నుంచి పక్కలకు, జతలు జతలుగా. మన నేల జాతుల్లో సుమారుగా రెండు, రెండున్నర ఏళ్ళ మధ్య నడిమి జత మారుతుంది. మూడేళ్ళ ప్రాంతంలో రెండో జత, మూడున్నర నుంచి నాలుగేళ్ళకు మూడోది, నాలుగున్నర నుంచి ఐదేళ్ళకు చివరిది. విదేశీ జాతుల్లో ఇవన్నీ కొన్ని నెలల ముందే జరుగుతాయి. మేత చాలక ఎదుగుదల మందగించిన పశువులో ఆలస్యమవుతుంది. అందుకే పళ్ళను బట్టి చెప్పే ఈడుకు అటూఇటూ ఆరు నెలలు వదిలిపెట్టాలి. రెండు పళ్ళున్న కోడెకు "కచ్చితంగా ఇరవై ఆరు నెలలు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

తెలుగు మాస్టారు

డాక్టరు గారు లెక్క తేల్చారు కాబట్టి నేను మాట దగ్గరికి వస్తాను. "ప్రభుత్వం పన్ను వేసింది", "కోడె పన్ను వేసింది" ఈ రెండు వాక్యాల్లో క్రియ ఒక్కలా కనిపిస్తుంది కానీ రెండు వేరు. మొదటిదాంట్లో ఒకరు ఇంకొకరి మీద వేస్తున్నారు. రెండోదాంట్లో వేయడమంటే లోపలి నుంచి పుట్టించడం. మొక్క చిగురు వేస్తుంది, మొగ్గ వేస్తుంది, వేరు వేస్తుంది. కోడె పన్ను వేసిందనడం ఆ వరసలోదే. పసిబిడ్డకు పళ్ళు వచ్చాయంటాం, మొలిచాయంటాం. మొలవడం కూడా విత్తనం చేసే పనే. చిగుళ్ళు అనే మాట చూడండి: కొమ్మకు వచ్చేదీ చిగురే, పంటి మొదట ఉండేదీ చిగురే. కొన్నిచోట్ల ఇగుళ్ళు అంటారు, ఆ ఇగురు కూడా లేత మొలకే. పన్ను మొక్కలా పుట్టుకొస్తుందన్న చూపు ఈ మాటలన్నిటిలో ఉంది.

ఇక పన్ను. దీనికి పాత రూపం పలు, పల్లు. పలువరుసలో ఆ పలు ఇప్పటికీ బతికే ఉంది. తమిళంలో పల్, మలయాళంలో పల్లు, కన్నడంలో ప కాస్తా హ అయి హల్లు. తెలుగులో ఏకవచనం పన్ను, బహువచనం పండ్లు, అది వాడుకలో పళ్ళు. కన్ను, కండ్లు, కళ్ళు కూడా ఇదే దారిలో నడిచాయి. సుంకం అనే అర్థమున్న పన్నుకు పన్నులు అనే బహువచనం తప్ప పళ్ళు రాదు. ఈ రెండు మాటల పుట్టుక వేరని ఈ తేడాయే చెబుతుంది.

నల్లగొండ సభ్యుడు

మా దిక్కు ఇప్పటికీ పండ్లే అంటం సార్. తినే పండ్లు, నోట్ల పండ్లు రెండూ ఒక్కతీరే పలుకుతం. "రెండు పండ్ల కోడె" అంటే ఎవ్వరికీ అనుమానం రాదు. "పండ్లు పట్టి చూసినవా?" అంటే ఈడు చూసినవా అనే. అంగట్ల బేరానికి ముందు అడిగే మాట అది.

తెలుగు మాస్టారు

మంచి మాట గుర్తు చేశారు. పళ్ళు పట్టి చూడటం, పళ్ళు ఎంచడం రెండూ పశువుల బేరం నుంచి వచ్చినవే. దానంగా వచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదని సామెత. ఎంచడమంటే లెక్కించడమూ అవుతుంది, తప్పు పట్టడమూ అవుతుంది. ఆ సామెతలో రెండూ ఒకేసారి పలుకుతాయి. ఆవు ఈడు తెలిస్తే ఇంకా ఎన్ని ఈతలు ఈనుతుందో తెలుస్తుంది, ఇచ్చినవాడి మనసు ఎంత పెద్దదో కూడా అక్కడే బయటపడుతుంది.

అనువాదకురాలు

డాక్టరు గారూ, పళ్ళు పట్టి చూడటం ఎలాగో వివరంగా చెబుతారా? వ్యాసంలో పోటీకి ముందు పళ్ళు చూసే ఘట్టం ఉంది. అసలు పన్నునూ పాలపన్నునూ కంటితో గుర్తుపట్టొచ్చా?

పశువైద్యుడు

తప్పకుండా గుర్తుపట్టొచ్చు. పగటి వెలుతురులో చూడాలి. పశువుకు ఎదురుగా నిలబడకూడదు, మెడ పక్కన నిలబడాలి. ఒకరు ముకుతాడు పట్టుకుని తల కదలకుండా ఉంచుతారు. చూసేవారు బొటనవేలితో కింది పెదవిని కిందికి వంచితే చాలు, ముందు పళ్ళు ఎనిమిదీ కనబడతాయి. నోరు పూర్తిగా తెరిపించాల్సిన పని లేదు, నాలుక లాగాల్సిన పని అంతకన్నా లేదు. చెయ్యి దవడ పళ్ళ దాకా పోనివ్వకండి. అక్కడ పైనా కిందా పళ్ళున్నాయి, వేలు నలిగిపోతుంది.

పాలపన్ను చిన్నది, సన్నది, తెల్లగా మెరుస్తుంది. చిగురు దగ్గర మెడ సన్నబడి ఉంటుంది. అసలు పన్ను చూడగానే తెలిసేంత వెడల్పు, పారలా ఉంటుంది, రంగు కాస్త పసుపు. కొత్తగా వచ్చినదాని అంచు పదునుగా ఉంటుంది. రెండు పళ్ళ గిత్త పెదవి వంచితే నడుమ రెండు పారలు, వాటికి అటు మూడు ఇటు మూడు చిన్న పళ్ళు కనిపిస్తాయి. ఆ బొమ్మ ఒక్కసారి కంట్లో పడితే ఇక మరిచిపోరు.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. దెబ్బ తగిలి పాలపన్ను ముందే ఊడిపోతే ఖాళీ కనిపిస్తుంది. ఖాళీని మారిన పన్ను కింద లెక్క వేయకూడదు. జతలో ఒకటి పైకి వచ్చి రెండోది ఇంకా చిగురులోనే ఉండటం మామూలే. అలాంటి గిత్త ఏ విభాగంలోకి వస్తుందో పోటీకి ముందే నిర్వాహకులను అడిగి తేల్చుకోవాలి. ఇంకొకటి, ఆవు ముందు పళ్ళు వేలితో కదిపితే కొద్దిగా ఊగుతాయి. అది జబ్బు కాదు. పైనున్న చిగురు దిండుకు గాయం కాకుండా ఆ మాత్రం వదులు ఉండాలి. మనిషి పన్నుతో పోల్చి "పళ్ళు ఊగుతున్నాయి, ముసలిది" అని తీర్మానించడం చాలా తరచుగా జరిగే తప్పు.

ఎనిమిదీ మారాక లెక్కతో పని అయిపోయింది, అక్కణ్ణుంచి అరుగుదల చూడాలి. ముందు వచ్చిన నడిమి జత ముందు అరుగుతుంది. పదునైన అంచు పోయి పైభాగం చదునవుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది పక్క జతలకు పాకుతుంది. ముసలితనంలో పళ్ళ మధ్య సందులు పడి మేకుల్లా మిగులుతాయి. కానీ ఇసుక నేలల్లో పొట్టి గడ్డి మేసేదానికి తొందరగా అరుగుతాయి. అందుకని ఐదేళ్ళు దాటాక ఏ అంకె చెప్పినా అది ఉజ్జాయింపే.

దంతవైద్యురాలు

పాలపళ్ళు అనే మాట గురించి నేనూ ఒకటి కలుపుతాను. చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి: మనిషికీ ఆవుకీ పాలపళ్ళు ఇరవయ్యే, అసలు పళ్ళు ముప్పై రెండే. అమరికే వేరు. ఆవుకు ముందు ఎనిమిదీ కిందే ఉంటాయి, మిగతా ఇరవై నాలుగూ దవడ పళ్ళు.

పాలపన్ను ఊడటమంటే వదులై జారిపోవడం కాదు. కింద తయారవుతున్న అసలు పన్ను పైకి కదులుతుంటే, పాలపంటి వేరును ప్రత్యేకమైన కణాలు కొంచెం కొంచెంగా కరిగించేస్తాయి. పిల్లలు ఇంటి కప్పు మీదికి విసిరే ఆ పంటిని ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. వేరు ఉండదు, అడుగున గరుకు గరుకుగా గుంట మాత్రమే ఉంటుంది. "వేరు విరిగి లోపల ఉండిపోయిందేమో" అని తల్లిదండ్రులు భయపడతారు, అక్కర్లేదు.

మాట వల్ల జరిగే అసలు నష్టం ఇంకొకటి ఉంది. ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళ వరసకు వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు. ఏదీ ఊడకుండా వచ్చింది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా "ఎలాగూ ఊడేదేగా" అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పిల్లవాడి నోట్లో నడిమి గీత నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఒక్కో పక్క పాలపళ్ళు ఐదే. ఆరోది కనిపించిందంటే అది అసలు పన్ను.

నల్లగొండ సభ్యుడు

మేడమ్, గార పండ్లు అనే మాట మీద కూడా చెప్పున్రి. మా దిక్కు ఫ్లోరైడు నీళ్ళతోటి మచ్చలు పడ్డ పండ్లనూ గార పండ్లే అంటం, తోమక పసుపుపచ్చగైన పండ్లనూ గార పట్టినయ్ అంటం.

దంతవైద్యురాలు

ఈ రెండింటినీ విడదీయడం చాలా అవసరమండీ. పంటి మీద మెత్తగా, జిగురుగా పేరుకునేది పాచి. బ్రష్షుకు వస్తుంది. వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. ఆ గట్టిపడ్డదే గార. ఇది బ్రష్షుకు రాదు, క్లినిక్కులో గీకించాలి. ఫ్లోరైడు మచ్చ ఈ రెండూ కాదు. పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే పైపొర సరిగ్గా గట్టిపడకపోవడం వల్ల వచ్చిన లోపం అది. మచ్చ పంటి మీద ఉండదు, పంటి లోపలే ఉంటుంది. దాన్ని గార అనుకుని ఉప్పు, బొగ్గు, ఇటుక పొడి పెట్టి రుద్దితే పైపొర అరిగి జివ్వుమనడం మొదలవుతుంది కానీ మచ్చ పోదు. ముందు పళ్ళ పైపొర సుమారు ఎనిమిదేళ్ళ లోపే తయారైపోతుంది. జాగ్రత్తపడాల్సింది ఆ ఈడు లోపల తాగే నీటి విషయంలో. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనిచోట 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని.

గారను గారకే ఉంచి, దీన్ని ఫ్లోరైడు మచ్చ అనడం మంచిదని నా అభిప్రాయం. మాట ఒకటైతే వైద్యం కూడా ఒకటే అనుకుంటారు.

పశువైద్యుడు

ఇది ఎడ్ల దాకా వస్తుంది. మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఎముకల జబ్బును, వైద్యులు మొదట వివరించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. ఆ జిల్లాలో కొంత భాగం 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి (తర్వాత ప్రకాశం జిల్లా అని పేరు మారింది) వచ్చింది. అంటే గిత్తల గడ్డా, ఫ్లోరైడు నీళ్ళ గడ్డా కొంతమేర ఒక్కటే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పశువుకు పళ్ళ మీద గోధుమరంగు, నల్లటి మచ్చలు పడతాయి, గుంటలు పడతాయి, పన్ను పెళుసై వేగంగా అరుగుతుంది. నాలుగైదేళ్ళది కూడా పళ్ళను బట్టి ముసలిదనిపిస్తుంది, బేరంలో రైతు నష్టపోతాడు. అలాంటి ఊళ్ళలో అరుగుదల చూసి ఈడు చెప్పకూడదు.

చూడటం తెలిస్తే ఆ మచ్చలే ఇంకో సంగతి చెబుతాయి. ఒక్కో జత ఒక్కో కాలంలో తయారవుతుంది. నడిమి జత శుభ్రంగా ఉండి, మూడో జత, నాలుగో జత మచ్చలతో ఉంటే, దూడగా ఉన్నప్పుడు మంచి నీళ్ళే తాగింది, తర్వాతే నీళ్ళు మారాయి అని అర్థం. జతలో రెండు పళ్ళకూ ఒకేలా ఉంటుంది మచ్చ. ఒకదానికే ఉంటే అది దెబ్బ వల్లనో ఇంకో కారణం వల్లనో వచ్చిందేమో చూడాలి.

అనువాదకురాలు

చివరి సందేహం. ముందు ఎనిమిదీ ఒకే రకం పళ్ళయితే ఎద్దుకు కోరపళ్ళు లేనట్టేనా?

పశువైద్యుడు

పుట్టుకను బట్టి చూస్తే నాలుగో జత కోరపన్నే. ముందుకు జరిగి, పక్కవాటి ఆకారం తెచ్చుకుని, వాటితోపాటు గడ్డి కోసే పనిలో చేరిపోయింది. రైతు లెక్కలో అది ముందు పన్నే, పని కూడా అదే.

తెలుగు మాస్టారు

ఏనుగు విషయంలో మన భాష ఎంత సరిగ్గా ఉందో చూడండి. పులికి కోర, పందికి కోర, పాముకు కోర అంటాం. ఏనుగుకు మాత్రం దంతం అంటాం. జీవశాస్త్రం ప్రకారం ఏనుగు దంతం కోరపన్ను కాదు, పై దవడ ముందు పన్ను అలా పొడుగ్గా పెరిగింది.

అనువాదకురాలు

అందరికీ ధన్యవాదాలు. మొదటిసారి వచ్చినచోట ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాస్తాను: "రెండు పళ్ళ గిత్త: కింది దవడలో ముందున్న ఎనిమిది పాలపళ్ళలో రెండు ఊడి, అసలు పళ్ళు వచ్చిన గిత్త, ఈడు రెండున్నర ఏళ్ళు." సరిపోతుందా?

పశువైద్యుడు

రెండు సవరణలండీ. "రెండు ఊడి" కాదు, "నడిమి జత ఊడి" అనండి, ఏ రెండో తెలియాలి. "రెండున్నర ఏళ్ళు" తీసేసి "సుమారు రెండు నుంచి మూడేళ్ళ లోపు" అనండి. రెండో జత మారేదాకా అది రెండు పళ్ళ గిత్తే.