ఎయిర్ క్యాంపర్ విమానం రెక్క స్పార్‌కి (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలానికి) ఈ డగ్లస్ ఫర్ పలక పనికొస్తుందా?

అమెరికాలో ఉంటాను, పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్ అనే చిన్న విమానం సొంతంగా కడుతున్నాను. విమానాలకు మామూలుగా వాడే సిట్కా స్ప్రూస్ కలపలో అంత పొడవు పలకలు దొరక్క డగ్లస్ ఫర్ తీసుకున్నాను. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దీన్ని ఒప్పుకుంటుంది. బలం ఎక్కువే, బరువూ ఎక్కువే.

ఒక పలకలో గ్రెయిన్ (చెక్క పోగుల) వాలు చాలావరకు 1:15 (15 అంగుళాల పొడవుకి 1 అంగుళం) పరిమితి లోపలే ఉన్నా, ఒక చివర 1:12 దాకా పోయింది. స్ట్రట్ (రెక్కకు ఊతమిచ్చే కడ్డీ) తగిలే చోట బెండింగ్ (వంచే ఒత్తిడి) ఎక్కువ కదా, ఆ చివరను రెక్క కొస వైపు పెడితే సరిపోతుందా? పక్కన పెట్టేయాల్సిందేనా?

అసలు టెన్షన్ రెండో పలకతో. చిత్రిక పట్టాక గ్రెయిన్‌కి అడ్డంగా సన్నని గీత కనిపించింది, అదీ టార్చి ఏటవాలుగా వేస్తేనే. కంప్రెషన్ ఫెయిల్యూరా (నొక్కుడుకి పోగులు నలగడం), రంపం గీతా? నలిగిన పోగులు లాగుడుకి ఆగవు, అందుకే భయం. తేడా ఎలా పట్టాలి? చెక్క స్పార్లు స్వయంగా తనిఖీ చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఫొటోలు పంపగలను.